టేప్ డ్రైవ్‌కు మస్టర్ పడిన రోజు

మా ఆఫీసు సర్వర్ గదిలో ప్రతి శనివారం పొద్దున ఒక చప్పుడు వినిపిస్తుంది. కంప్యూటర్ లెక్కల నకలు దాచే టేప్ క్యాసెట్‌ను డ్రైవ్ నోట్లో పెట్టి వేలితో కొంచెం నెడితే చాలు, మిగతాది అదే లోపలికి లాక్కుంటుంది. ముందు టక్కుమని చిన్న దెబ్బ, తర్వాత రెండు క్షణాల నిశ్శబ్దం, ఆ తర్వాత లోపల చక్రాలు తిరగడం మొదలై సన్నటి మోత. కరీంనగర్‌లో నా కింద పనిచేసే పిల్లలకు ఈ తతంగం చూస్తే నవ్వు. "ఇంకా క్యాసెట్లేంది మేడం, పెండ్లి వీడియోలా?" అని ఆటపట్టిస్తారు. నేనూ నవ్వుతాను. కానీ టక్కుమన్న తర్వాత వచ్చే ఆ రెండు క్షణాల నిశ్శబ్దంలో ఇన్నేళ్ల తర్వాత కూడా నా ఊపిరి ఆగుతుంది. ఒకప్పుడు ఆ నిశ్శబ్దం రెండు రోజులు సాగింది. ఆ రెండు రోజుల్లో నాకు పని నేర్పిన మనిషి రూత్ మేడం. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమెను ఎరగని వాళ్లకు ఆమె ఎలాంటిదో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను, ఇవాళ కూర్చున్నాను.

మాది మెట్‌పల్లి. బాపు పసుపు పండించేవాడు. ఇంట్లో మొదటిసారి కంప్యూటర్ చదువు చదివింది నేనే కాబట్టి ఆ చదువు నా కాళ్లను నేల మీద ఆననివ్వలేదు. ఆసిఫాబాద్ వైపు వెళ్లే దారిలో ఒక బొగ్గు గనుల కాలనీలో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. అక్కడ గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. షిఫ్టు సైరన్ కూసినప్పుడల్లా ఊరు మొత్తం ఒకేసారి ఒళ్లు విరుచుకుని లేచినట్టుండేది. కంప్యూటర్ సెక్షన్ ఇన్‌చార్జ్ దగ్గర రిపోర్టు చేయమంటే, టై కట్టుకున్న పెద్దమనిషి ఎవరో ఉంటారని ఊహించుకుని వెళ్లాను. తీరా చూస్తే నేత చీర కట్టుకున్న పొట్టి మనిషి ఒకామె, నేల మీద మఠం వేసుకుని కూర్చుని, ప్రింటర్ విప్పి దాని పళ్లచక్రాలను పాత బ్రష్షుతో తోముతోంది. "ఇన్‌చార్జ్ గారు ఎప్పుడొస్తారు?" అని అడిగాను. ఆమె తల ఎత్తకుండానే, "వచ్చి గంటయింది బిడ్డా. గా స్క్రూ డ్రైవర్ ఇటియ్యి," అంది.

ఆమె తండ్రి బాయి లాంపు రూంలో పనిచేసి రిటైరయ్యాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరున్న టోపీ దీపం ఇచ్చి, పైకి వచ్చాక లెక్కచూసి తీసుకునే గది అది. ఆమె మిషన్ బడిలో చదువుకుంది, ఆదివారాలు మిషన్ చర్చిలో పాటల బృందాన్ని నడిపేది. టైపిస్టుగా చేరి, కంప్యూటర్లు వచ్చినప్పుడు అందరూ భయపడి వెనక్కి జరిగితే తను ఒక అడుగు ముందుకేసింది. అంతే, సెక్షన్ ఆమెదైపోయింది. ఆమె దగ్గర నా చదువుకు ఉన్నంత పెద్ద కాగితం ఏదీ లేదు. ఈ సంగతి నాకు మొదటి రోజే తెలిసింది, తెలియగానే కొంచెం సంతోషం కూడా కలిగింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం నిజమే.

మొదటి వారంలోనే నాకు శాస్తి జరిగింది. ఏదో పాత ఫైలు కావాలని అడిగింది. నేను టకటకా వెతికి, "లేదు మేడం," అన్నాను.

"ఎక్కడెక్కడ చూసినవ్?"

"మూడు చోట్ల చూసిన."

"మూడిండ్లు చూసి ఊరంత లేదంటున్నవా? కాయితం తీస్కో. చూసిన జాగలు ఒక దిక్కు రాయి, చూడని జాగలు ఒక దిక్కు రాయి."

చిన్నపిల్లకు ఇంపోజిషన్ ఇచ్చినట్టుందని నాకు ఒళ్లు మండింది. అయినా రాశాను. చూసిన చోట్లు మూడు లైన్లలో అయిపోయాయి. చూడని చోట్లు రాస్తూ పోతే పేజీ వెనక్కి తిప్పాల్సి వచ్చింది. ఫైలు ఆ వెనక పేజీలో రాసిన చోట్లలోనే దొరికింది. మేడం ఒక్క మాట కూడా అనలేదు, ఫైలు తీసుకుని తన పనిలో పడింది. ఏదైనా అని ఉంటే నాకు కోపం తెచ్చుకునే వీలుండేది. హాస్టల్‌కు వెళ్లి, మా మేడంకు చాదస్తం ఎక్కువని రూమ్మేట్‌కు చెప్పుకుని తృప్తిపడ్డాను.

మా సెక్షన్‌లో మూడో మనిషి ఓదెలన్న. ఎలక్ట్రీషియన్. ఇరవై ఏళ్లు బాయిలో పనిచేసి, కాలు దెబ్బతిన్నాక పైకి, మా ఆఫీసుకు వచ్చాడు. కాలు కుంటుపడింది కానీ పట్టుదల మాత్రం ఎక్కడా కుంటుపడలేదు. మా సర్వర్ గది స్విచ్చుల మీద అతనికి తప్ప ఇంకెవరికీ చెయ్యి వేసే హక్కులేదు. పొద్దున కరెంటు ఇచ్చేటప్పుడు మమ్మల్నందరినీ గది బయట నిలబెట్టేవాడు. లోపల ఎవరూ లేరని చూసుకుని, "కరెంటిస్తున్నా!" అని గట్టిగా కేకవేసి తలుపు దగ్గరికి వేసుకునేవాడు. ఎయిర్ కండిషన్ గదిలో ఈ బాయి పద్ధతేమిటని నేనొకసారి పకపకా నవ్వాను. ఓదెలన్న నవ్వలేదు. "కరెంటిచ్చే కాడ ఒక్కడే ఉండాలె చెల్లే. ఇద్దరున్న కాడ ఒకడు సస్తడు. నేను చూసిన," అన్నాడు. మేడం మాత్రం ఇన్‌చార్జ్ అయి ఉండి కూడా అందరికన్నా ముందు బయటికి వచ్చి, చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడేది. ఆ రెండు నిమిషాలూ ఏదో చర్చి పాట సన్నగా కూనిరాగం తీసేది.

ఆ ఏడు వానాకాలంలో పిడుగుపాటుకు మా పాత సర్వర్ కాలిపోయింది. కొత్తది వచ్చింది, దానితోపాటు ఒక కొత్త టేప్ డ్రైవ్ కూడా. మా పాత క్యాసెట్లను ఆ కొత్త డ్రైవ్ చదవలేదు. అందుకని పాత డ్రైవ్‌ను కూడా కొత్త సర్వర్‌కే తగిలించాలి. సర్వర్ వెనక నుంచి ఒక లావు కేబుల్ కొత్త డ్రైవ్‌లోకి, దాన్నుంచి ఇంకో కేబుల్ పాత డ్రైవ్‌లోకి, ఒక గొలుసులాగా. ఇది పూటలో అయ్యే పని, తొందరేమీ లేదని నేననుకున్నాను. సరిగ్గా అదే వారంలో సర్వే సెక్షన్ నుంచి రాజలింగం సారు మా గదికి వచ్చాడు.

ఆయన బాయి లోపలి కొలతలు తీసి పటాలు గీసే మనిషి, రిటైర్మెంట్‌కు దగ్గర పడ్డవాడు. చేతిలో గొట్టంలా చుట్టిన పటం ఉంది. దాన్ని టేబుల్ మీద పరిచి చూపించాడు. బాయిలో ఒక మూల, ఎన్నో ఏళ్ల కింద తవ్వి వదిలేసిన పాత పని ఉంది. అది ఇప్పుడు నిండా నీళ్లు. దాని వైపు కొత్తగా తవ్వుకుంటూ పోతున్నారు. మధ్యలో మిగిలిన బొగ్గు గోడ ఎంత మందం ఉందన్నదే ప్రశ్న. అరవై మీటర్ల లోపలికి వచ్చారంటే నిబంధన ప్రకారం పని ఆపి, ముందు బోరు కొట్టి చూసుకోవాలి. కాగితం మీది పటం డెబ్బై పైన ఉందని చెబుతోంది. కాబట్టి అందరూ ధీమాగా ఉన్నారు, రాజలింగం సారు ఒక్కడు తప్ప.

"గా పాత పని బందు వెట్టే ముందు ఇంకింత లోపలికి తవ్విన్రమ్మా. ఆఖరి కొలతలు తీసింది నేనే. కంప్యూటర్లు కొత్తగ వచ్చినప్పుడు నీ పక్కన కూసుండి నేనే ఎక్కించిన, యాదికున్నదా? ఈ కాయితం అంతకుముందుది. తర్వాతి కాయితం బీరువల వానకు నాని కరాబైంది."

"యాదికున్నది సార్," అంది మేడం. "క్యాసెట్ ఉన్నది. బీరువల భద్రంగ ఉన్నది."

"మేనేజర్ సారు నా మాట మీద రెండు రోజులు పని ఆపిండు. ఎల్లుండి ఫస్ట్ షిఫ్ట్‌ల పద్దెనిమిది మంది మళ్ల ఆడికే దిగుతరు. అంతల లెక్క చూపెట్టుమన్నడు. ముసలోనికి మతిమరుపు అంటున్నరమ్మా నన్ను. మతిమరుపైతే మంచిదే. కాకపోతేనే కష్టం."

ఆయన అంత మెల్లగా మాట్లాడబట్టి విషయం నా బుర్రకెక్కడానికి కొంచెం టైం పట్టింది. ఎక్కాక మాత్రం పటం మీదికి ఇంకా వంగి చూశాను. పద్దెనిమిది మంది మనుషులు, ఆ పక్క చెరువంత నీళ్లు, మధ్యలో ఎంత మందమో తెలియని గోడ. ఆ మందం మా బీరువాలో అరచేతిలో పట్టేంత క్యాసెట్‌లో ఉంది. దాన్ని చదవగలిగే డ్రైవ్ మా టేబుల్ మీద ఉంది. సర్వర్‌కు ఆ డ్రైవ్ కనబడితే చాలు.

కనబడలేదు. సర్వర్ లేచి కూర్చుంది. దానికి తగిలించిన పరికరాల జాబితా తెరిస్తే కీబోర్డు ఉంది, మౌస్ ఉంది, డిస్కులున్నాయి. టేప్ అన్న మాటే లేదు. పాతది లేదు, కొత్తది కూడా లేదు. నేను కేబుల్ పీకి మళ్లీ పెట్టాను, కేబుల్ మార్చాను. డ్రైవ్‌కు సంబంధించిన సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. కేబుల్ ముట్టుకోవాలంటే ఓదెలన్న మొత్తం కరెంటు తీసేయందే ఒప్పుకునేవాడు కాదు. తీయడం, మేం బయటికి రావడం, "కరెంటిస్తున్నా!" అనే కేక, మళ్లీ లోపలికి పరుగు. ఆ రోజు, మర్నాడు పొద్దున కలిపి పదిసార్లయినా జరిగింది. పదిసార్లూ జాబితాలో అదే ఖాళీ. హైదరాబాద్‌లో ఇంజనీరుకు ఫోన్ చేస్తే, "రెండూ కనబడకపోతే డ్రైవ్‌లో ఏదో కాలిపోయి ఉంటుంది, పంపించండి, వారంలో చూస్తాం," అన్నాడు. వారం మా దగ్గరెక్కడిది?

రెండో రోజు మధ్యాహ్నం నేను చేతులెత్తేశాను. టేప్ డ్రైవ్ పనిచేయడం లేదు, క్యాసెట్ చదవడం సాధ్యం కాదు అని రిపోర్టు టైపు చేసి, సంతకం పెట్టి మేడం ముందుంచాను. అది మేనేజర్‌కు వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసీ పెట్టాను. ఆ క్షణంలో నాకు పద్దెనిమిది మంది కన్నా నా మీదికి మాట రాకుండా ఉండడమే ముఖ్యమైంది. నా జీవితంలో నేను చేసిన అన్ని సంతకాల్లో నాకు అసహ్యం వేసే సంతకం అదొక్కటే.

మేడం రెండుసార్లు చదివింది. సంతకం పెట్టలేదు. చించలేదు కూడా. పేపర్‌వెయిట్ కింద పెట్టి, నా వైపు ఒక తెల్లకాగితం జరిపింది. "చూసినవి రాయి, చూడనివి రాయి."

"అన్ని చూసిన మేడం! ఇగ చూడంది ఏం లేదు!" నా గొంతు లేచింది, ఏడుపు కూడా దానితోపాటే లేచింది.

ఆమెకు కోపం రాలేదు. "మంచిది. అన్ని చూసినవ్. కరెంటిచ్చేటప్పుడు చూసినవా?"

"అప్పుడు బయట ఉంటం కదా మేడం, మీరు నేను ఇద్దరం."

"మరి అదే రాయి చూడని దాంట్ల. నేను గూడ చూడలే. ఈ గదిల మనం ఇద్దరం ఎన్నడు చూడంది అదొక్కటే."

లేచి ఓదెలన్న దగ్గరికి వెళ్లింది. ఇన్‌చార్జ్‌గా ఆజ్ఞ వేయవచ్చు, వేయలేదు. "ఓదెలన్నా, ఇయ్యాల ఒక్కపారి నన్ను లోపల ఉండనిస్తవా? చేతులు కట్టుకుంట. దేన్ని ముట్ట," అని అడిగింది. ఓదెలన్న స్విచ్ బోర్డు వైపు, మేడం వైపు మార్చి మార్చి చూశాడు. ఇరవై ఏళ్ల నియమం అది, దాని వెనక అతను కళ్లారా చూసిన చావు ఉంది. చివరికి గది మూల నుంచి రబ్బరు చాప తెచ్చి, స్విచ్ బోర్డుకు దూరంగా పరిచి, "గీ చాప దిగొద్దక్కా," అన్నాడు. మేడం చెప్పులు సర్దుకుని ఆ చాప మీద బడిపిల్లలా నిటారుగా నిలబడింది. నన్ను మాత్రం తలుపు దాటనివ్వలేదు. సందులోంచి చూశాను.

ఓదెలన్న కేకవేశాడు. ముందు మెయిన్ వేశాడు. తర్వాత యూపీఎస్. తర్వాత సర్వర్. అది బుస్సుమని లేచి, తెర మీద అక్షరాలు పరుగెత్తించడం మొదలుపెట్టింది. ఓదెలన్న తాపీగా, ఒక్కో స్విచ్‌కూ నడుమ లోపల పది లెక్కపెట్టుకుంటూ, మానిటర్లు వేశాడు, ప్రింటర్ వేశాడు. అన్నిటికన్నా ఆఖర్న, కుంటుకుంటూ టేబుల్ చివరికి వెళ్లి, రెండు టేప్ డ్రైవ్‌ల స్విచ్చులు నొక్కాడు. అప్పటికి సర్వర్ పూర్తిగా లేచి కూర్చుని, నెమ్మదిగా మా కోసం చూస్తోంది.

"ఎప్పుడు గిట్లనేనా అన్నా? టేపు డబ్బాలు ఆఖరికే ఎయ్యాల్నా?"

"గట్లనే కదక్కా. బాయిల ముందు మెయిన్, ఆఖరికి మిషన్. పని చేసే మిషన్‌కు అన్నిటికన్న ఎనుకనే కరెంటియ్యాలె. పాత కంప్యూటర్‌కైతే అన్నిటికి ఒక్కటే స్విచ్ ఉండె. కొత్తదానికి ఏర్వేరు పెట్టిన్రు, నేను పద్ధతి ప్రకారం ఏస్తున్న."

మేడం చాప దిగకుండానే నవ్వింది. నన్ను లోపలికి పిలిచింది. "ఇగో సరితా, దొరికింది. సర్వర్ లేచేటప్పుడు ఒక్కసారే మస్టర్ తీస్తది బిడ్డా. ఎవరెవరున్నరో గప్పుడే రాసుకుంటది. మన డబ్బాలేమో మస్టర్ అయిపోయినంక వచ్చి గేటు కాడ నిలబడుతున్నయి. ఇగ ఎంత మొత్తుకున్నా పుస్తకంల వాటి పేరుండది."

మస్టర్ అంటే అక్కడ హాజరు. షిఫ్టు మొదట్లో పేరు పుస్తకంలో ఎక్కాలి. గీత గీసేశాక వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా ఆ పూటకు రానట్టే. ఆ కాలనీలో చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతి. ఇప్పటి యంత్రాలకైతే మళ్లీ ఒకసారి వెతకమని చెప్పవచ్చు. ఆ సర్వర్‌కు అలా చెప్పే వీలుందో లేదో కూడా నాకప్పుడు తెలియదు. కానీ బయటి పరికరాలను ముందు, సర్వర్‌ను తర్వాత వేయాలని మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. నేను చదివాను కూడా. అలాగే జరుగుతోందనుకున్నాను. ఓదెలన్నను ఏ స్విచ్ ముందు వేస్తున్నావని ఒక్కసారి అడిగి ఉంటే మొదటి రోజే తేలిపోయేది. కంప్యూటర్ గురించి ఎలక్ట్రీషియన్‌ను అడగడమేమిటన్న పొగరు అడగనివ్వలేదు.

ఓదెలన్న మొహం మాత్రం వాడిపోయింది. "తప్పు నాదా అక్కా?"

"తప్పెక్కడిదన్నా? బాయిల నువ్వు చేసిందే కరెక్ట్. గీ డబ్బాల రివాజు ఉల్టా ఉన్నది, గంతే. ఇయ్యాల ఉల్టా ఎయ్యి."

ఆ మాటతో అతని మొహం మళ్లీ విచ్చుకుంది. ముందు టేప్ డ్రైవ్‌లు వేసి, వాటి పచ్చ లైట్లు నిలకడగా వెలిగేదాకా ఆగి, అప్పుడు సర్వర్ వేశాడు. నేను జాబితా తెరిచాను. టేప్ అన్న మాట కనబడగానే ఎగిరి గంతేశాను. కానీ ఒక్కటే ఉంది. కొత్త డ్రైవ్ ఉంది, మాకు కావలసిన పాత డ్రైవ్ లేదు. కుర్చీలో కూలబడ్డాను. గడియారం మూడు దాటింది.

మేడం కూలబడలేదు. కరెంటు తీయించి, పాత డ్రైవ్‌ను ఇటు తిప్పింది. వెనకవైపు బొగ్గు దుమ్ము పేరుకుని ఉంది. చేతిరుమాలుతో రుద్దితే ఒక చిన్న గుండ్రటి బిళ్ల, దాని మీద ఒక అంకె బయటపడ్డాయి. నాలుగు. కొత్త డ్రైవ్ వెనక చూసింది. దాని మీద కూడా నాలుగే. గొలుసులో ఉన్న ప్రతి పరికరానికీ ఒక నంబరు ఉండాలని, ఒక్కో నంబరు ఒక్కదానికే ఉండాలని నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ నంబరు వెనకాల దుమ్ములో ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. "మా నాయిన లాంపు రూంల ఉండంగ ఒక్క నంబరు ఇద్దరికి ఎన్నడన్న ఇచ్చిండా?" అంటూ మేడం పెన్ను మొనతో ఆ బిళ్లను ఒక గడి తిప్పింది. "ఇస్తే ఎవడు పైకొచ్చిండో, ఎవడు లోపలున్నడో ఎట్ల తెలుస్తది?"

ఓదెలన్న మళ్లీ కేకవేశాడు. ఈసారి సర్వర్ లేచేసరికి జాబితాలో రెండు టేపులున్నాయి. నాలుగు, ఐదు. మేడం బీరువా తెరిచి, గుడ్డలో చుట్టి దాచిన క్యాసెట్ తీసి డ్రైవ్‌లో పెట్టింది. టక్కుమంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ కాసేపు గదిలో ఎవరూ కదల్లేదు, ఓదెలన్న పెదవులు మాత్రం కదులుతున్నాయి. అప్పుడు చక్రాలు తిరిగాయి. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అది ఆనందమో సిగ్గో ఇప్పటికీ తేల్చుకోలేను.

కొలతలు బయటికి రావడానికి గంటన్నర పట్టింది. రాజలింగం సారు ప్రింట్ కాగితాలు పక్కన పెట్టుకుని, పటం మీద పెన్సిల్‌తో ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోయాడు. పాత పని గీత కొత్త తవ్వకం వైపు జరుగుతూ, ఇంకా జరుగుతూ వచ్చింది. స్కేలు పెట్టి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. "ముప్పై ఎనిమిది," అన్నాడు. నేను ముందే చెప్పలేదా అని దెప్పలేదు. మేడం ఆయన చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టి, మేనేజర్ ఆఫీసుకు తనే ఫోన్ కలిపింది. మేనేజర్ నిమిషంలో నిర్ణయం తీసుకున్నాడు. మర్నాడు పొద్దున ఆ పద్దెనిమిది మందిని ఇంకో పని జాగకు పంపారు. వారం తర్వాత ఎంతో జాగ్రత్తగా బోరు కొట్టి చూస్తే నీళ్లు చిమ్ముకుని వచ్చాయట, రాజలింగం సారు లెక్కకు మూరెడు తేడాతో.

ఇంత చేశాక ఊరంతా చెప్పుకోవాలని నాకు ఆరాటం. సైరన్ వేసి మరీ చెప్పాలనిపించింది. మేడం వద్దంది. "వాండ్లు రేపు మళ్ల బాయిల దిగాలె బిడ్డా. గింత దగ్గర్ల సావున్నదని చెప్పి పరేషాన్ చేసుడెందుకు? బతికిన్రు కదా, సాలు." రాజలింగం సారు, మేనేజర్ కూడా సరేనన్నారు. నా రిపోర్టును మేడం నాకు తిరిగిచ్చింది. దాన్ని నేనే చించాను. ఆ మర్నాటి నుంచి కరెంటు ఇచ్చేటప్పుడు ఓదెలన్న కొత్త వరుసలోనే స్విచ్చులు వేశాడు. మేమిద్దరం మాత్రం ఎప్పటిలాగే గోడ పక్కన బయటే నిలబడ్డాం. ఈసారి నేనూ చేతులు కట్టుకున్నాను.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆమె దగ్గర పనిచేశాను. ఇవాళ నాకు తెలిసిన విద్యలో కాలేజీ ఇచ్చింది పావు వంతుంటే ముప్పావు వంతు ఆమెది. ఏదైనా కనబడడం లేదని మా పిల్లలు వచ్చి చెప్పినప్పుడు నేను యంత్రం దగ్గరికి వెళ్లను. దాన్ని రోజూ ముట్టుకునే మనిషి ఎవరో కనుక్కుని అతని దగ్గరికి వెళ్తాను. అది స్వీపరమ్మ కావచ్చు, వాచ్‌మన్ కావచ్చు. కుర్చీ వేసుకుని వాళ్ల పక్కన కూర్చుంటాను. మా పిల్లలకు అదీ చాదస్తంగానే ఉంటుంది. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు లోలోపల గర్వంగానే ఉంటుంది, ఎవరి వారసత్వమో తెలుసు కాబట్టి.

మేడం చనిపోయి ఏడాదైన రోజు చర్చిలో ప్రార్థన పెడితే వెళ్లాను. తిరిగి వస్తూ బస్సు కోసం హోటల్ ముందు బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒక ముసలాయన, ఒళ్లో మనవరాలు. మాటల్లో మాట, నేను ఫలానా మేడం ప్రార్థనకు వచ్చానని చెప్పాను. ఆయన పేరు మొగిలి. ఆ బాయిలోనే పనిచేసి రిటైరయ్యాడు.

"కంప్యూటర్ మేడమా? మంచిదే అంటరు గని, మాకైతే ఆమె జేయబట్టే కాళ్లు వొయినయ్," అన్నాడు. "మేం పద్దెనిమిది మందిమి మంచి జాగల పని చేస్తుంటిమి. దిగుతనే పని దొరుకుతుండె. ఏమైందో ఏమో, కంప్యూటర్ల ఏందో వచ్చిందట, ఒక్క రోజుల మమ్ముల లేపి గా కొసకు తోలిన్రు. రోజు పోను రాను కోసు దూరం నడుసుడు. ఎన్నేండ్లు నడిసిన్నో! నా మోకాళ్లు గప్పుడే ఖతమైనయ్. ఎందుకు లేపిన్రో ఇప్పటికీ ఒక్కడు చెప్పలే."

చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. ఇంకో టీ తెప్పించి ఆయన చేతికిచ్చాను. ఆయన ఆ నడక గురించి, ఆ బురద గురించి, నొప్పులకు పూసుకున్న నూనెల గురించి, ఒక్కొక్కటీ తిట్టుకుంటూ చెప్పాడు. మా మేడంను కూడా రెండు మాటలన్నాడు. నా బస్సు వచ్చి వెళ్లిపోయింది, నేను లేవలేదు. ఎన్నో సన్మానాలు చూశాను కానీ, ఆమెను ఎవరైనా తిడుతుంటే వింటూ అంత గర్వపడతానని అనుకోలేదు. కాసేపటికి మనవరాలు ఇంటికి పోదామని గునిసింది. మొగిలి మోకాళ్ల మీద చేతులు ఆన్చి, అబ్బా అని మూలిగి లేచాడు. పిల్ల వేలు పట్టుకుని, ఇంకా గులుగుతూనే, మెల్లగా ఇంటికి నడిచి వెళ్లాడు.